మా ఎండకు మార్కుల్లేవు

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు దగ్గర పక్కకు తిరిగి శకునాల, గని గ్రామాల వైపు వెళ్తే, ఒకప్పుడు రాళ్లూ కంపచెట్లూ తప్ప ఏమీ కనపడని మెట్ట మీద ఇప్పుడు కనుచూపు మేరా నల్లగా మెరిసే పలకలే. 6 వేల ఎకరాలకు కాస్త తక్కువ. 2017లో 1000 మెగావాట్లతో పూర్తయినప్పుడు, ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని పేపర్లన్నీ రాశాయి. పలకలు 40 లక్షల పైమాటే. అక్కడికి ఆటోలో పోయి వచ్చేంత దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను.

కొన్నేళ్ల కిందట పదో తరగతిలో విద్యుత్తు పాఠం మొదలుపెట్టబోతూ, ‘ఆ పలకల్లో కరెంటు ఎట్లా పుడుతుందిరా?’ అని అడిగాను. ముందు బెంచీ పిల్లాడు ఠక్కున లేచి ‘ఎండ వేడికి సార్’ అన్నాడు. ‘ఎండ ఎంత మండితే అంత కరెంటు సార్’ అని వెనక నుంచి ఇంకో గొంతు. క్లాసంతా తలూపింది. ఆ క్లాసులో ముగ్గురి నాయనలు పార్కులో పలకలు కడిగే పనికి పోతారు. ఒకమ్మాయి వాళ్ల పొలంలో సోలార్ పంపు ఉంది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పలకల్ని చూస్తూ పెరిగిన పిల్లలు. కరెంటు పుట్టేది వెలుతురు వల్లనని, వేడి దానికి గిట్టదని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. పదేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఆదివారం కర్నూలు వెళ్లి 10 వాట్ల ప్యానెల్ ఒకటి, మల్టీమీటరు ఒకటి కొన్నాను. నాలుగు మీటర్ల వైరు, క్లిప్పులు, పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసిన చిన్న ఫ్యాను. అన్నీ కలిపి 2 వేలు కాలేదు. సోమవారం పదకొండు గంటలకు క్లాసును వరండా దాటించి ఎండలోకి తీసుకెళ్లాను.

నీడలోంచి తెచ్చి ఎండలో పెట్టగానే ప్యానెల్ 21 వోల్టులు చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ‘దీన్ని పావుగంట బాగా కాగనిద్దాం. వోల్టేజీ పెరుగుతుందా, తగ్గుతుందా?’ అన్నాను. పెరుగుతుందని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. అంకె దిగడం మొదలుపెట్టింది. 20.6. 20.1. పావుగంటకు 19.4 దగ్గర నిలబడింది. ప్యానెల్ వెనక చెయ్యి పెట్టిన పిల్లాడు చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాడు. ఎండ తగ్గలేదు, మబ్బు పట్టలేదు, మరి వోల్టేజీ ఎందుకు పడిపోయింది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి మధ్యాహ్న భోజనం గిన్నెలు దించే గుడ్డను కొళాయి కింద తడిపి తెచ్చి ప్యానెల్ వీపుకు అంటించి పట్టుకుంది. ముందువైపు వేస్తే వెలుతురుకు అడ్డమని ఆ పిల్లకే తట్టింది, నేను చెప్పలేదు. చూస్తుండగానే అంకె పైకి లేచింది. 19.8. 20.2. ఇరవై తలకాయలు ఆ చిన్న తెర మీదికి వంగాయి.

‘సార్, కుండలో నీళ్లు సల్లబడినట్ల ఇదీ సల్లబడె సార్’ అన్నాడు, ఇందాక ‘ఎండ వేడికి’ అన్న పిల్లాడే.

నా ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక పిల్లవాడి నోటి నుంచి ఫిజిక్స్ అంత శుద్ధంగా రావడం నేను వినలేదు. ఏ గైడులోనూ లేని మాట అది. సిలికాన్ పలక వేడి ఒక్క డిగ్రీ పెరిగితే అదిచ్చే వాట్లు నూటికి దాదాపు 0.4 వంతు పడిపోతాయి. ప్యానెల్ వెనక చీటీ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మా మే నెల ఎండలో పలక 60 డిగ్రీలు దాటిపోతుంది. అంటే 100 వాట్లని రాసి ఉన్నది 86 ఇస్తే గొప్ప. ఈ లెక్క పిల్లలే బోర్డు మీద వేశారు. కూడికలు తప్పే పిల్లలు కూడా ఆ రోజు తప్పలేదు.

మర్నాడు కోణం పట్టుకున్నాం. పతన కోణం అనే మాటను పిల్లలు కాంతి పాఠంలో వంద సార్లు రాస్తారు. ప్యానెల్ మీద నిటారుగా ఒక పుల్ల అతికించాం. పుల్ల నీడ మాయమైందంటే పలక సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నట్టు. అప్పుడు కరెంటు 0.55 ఆంపియర్లు. కోణమానిని పెట్టి 60 డిగ్రీలు వంచితే 0.31కి వచ్చింది. లెక్కల్లో గట్టి పిల్ల ఒకటి లేచి, ‘కాస్ 60 అంటే అర గదా సార్, 0.275 రావాల గదా’ అని నిలదీసింది. త్రికోణమితి పట్టికలో బట్టీ పట్టిన ఆ అర కళ్ల ముందు కరెంటై కనపడటం ఒక ఎత్తు. అది ఖచ్చితంగా అర కాకపోవడం ఆ పిల్లను కుదురుగా కూర్చోనివ్వలేదు. మిగిలిన కొంచెం ఎక్కడిది? తలెత్తి చూడమన్నాను. పైన నీలాకాశం. నేరుగా వచ్చే ఎండతో పాటు ఆకాశమంతటి నుంచీ చెదిరి వచ్చే వెలుతురు కూడా పలక మీద పడుతోంది. కాంతి పరిక్షేపణం అని పుస్తకంలో ఉన్న పాఠమే అది. అక్కడ నుంచి ‘మేడల మీద పలకలన్నీ దక్షిణం పక్కకు ఎందుకు వాల్చి పెడతారు?’ అనే ప్రశ్న వచ్చింది. సోషల్ సార్ దగ్గర అట్లాసు తెచ్చి కర్నూలు అక్షాంశం చూశారు. 16 డిగ్రీల ఉత్తరానికి కాస్త కింద. ఒక్క పీరియడులో ఫిజిక్స్, లెక్కలు, భూగోళం మూడూ వాటంతట అవే కలిశాయి.

ఆ పంపు ఉన్న అమ్మాయి సంగతి చెప్పాలి. మా ప్యానెల్‌లో 36 గడులు ఒకదాని వెనక ఒకటిగా శ్రేణిలో కలిపి ఉంటాయి, గడికి 0.6 వోల్టులు. వాటిలో ఒకే ఒక్క గడిని అట్ట ముక్కతో మూశాం. గిర్రున తిరుగుతున్న ఫ్యాను నీరసించి ఆగిపోయింది. ముప్పై ఆరింటిలో ఒకటి మూస్తే ముప్పై ఆరో వంతే తగ్గాలి కదా, మొత్తం ఎందుకు పోయిందని పిల్లలు తలలు పట్టుకున్నారు. డ్రిప్పు పైపు ఒక్కచోట మడతపడితే చివరిదాకా నీళ్లు పోవు కదా అన్నాను. శ్రేణి సంధానం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది వాళ్లకు. ఆ అమ్మాయి ఇంటికి పోయి పొద్దున్నే పొలంలో పలకల దగ్గర నిలబడి చూసింది. గట్టు మీది తుమ్మకొమ్మ నీడ పలకల అంచు మీద పడుతోంది. పొద్దున తొమ్మిదిన్నర దాకా పంపు సన్నగా పోస్తోందని వాళ్ల నాయన నెలల తరబడి మెకానిక్‌లకు ఫోన్లు చేస్తున్నాడు. మర్నాడు క్లాసులో అడుగు పెడుతూనే, ‘మా నాయన కొమ్మ కొట్టేసినాడు సార్, నీళ్లు బాగ పడతాండాయి’ అంది. ఒక హైస్కూలు ఫిజిక్స్ పాఠం ఒక రైతు బోరు దాకా నడిచి వెళ్లడం నేను చూశాను. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అట్టపెట్టెకు లోపల నల్లరంగు పూసి పైన అద్దం బిగించి గుడ్లు ఉడకబెట్టాం, వేరుశనగకాయలు ఉడకబెట్టాం. 1767లోనే డి సోస్యూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఇలాంటి పెట్టెనే చేశాడని చెబితే పిల్లలు నమ్మలేదు. తిరుమలలో ఇరవై ఏళ్ల కిందటే మేడ మీద 106 పుటాకార దర్పణాలు పెట్టి ఎండతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండారని చెబితే వెంటనే నమ్మారు.

ఇక నా మొర వినండి.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో శక్తి వనరుల మీద ఒక పూర్తి పాఠం ఉండేది. పెట్టె సోలార్ కుక్కర్, సోలార్ సెల్, గాలిమర, బయోగ్యాస్, సముద్రపు అలల దాకా అందులో ఉండేవి. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తామని ఆ పాఠాన్ని మొత్తంగా ఎత్తేశారు. 2023లో వచ్చిన కొత్త ముద్రణలో అది లేదు. ఆవర్తన పట్టిక పాఠాన్ని, పరిణామ సిద్ధాంతాన్ని తీసేసినప్పుడు దేశమంతా గొడవ జరిగింది, జరగాల్సిందే. వాటితో పాటే పోయిన శక్తి వనరుల కోసం అంత గట్టిగా ఎవరూ అడగలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఆ పుస్తకమే వచ్చింది. ఈ దేశం సౌరవిద్యుత్తులో 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది. ఇళ్ల మీద పలకలు పెట్టుకోమని 2024లో కోటి ఇళ్లకు పథకం ప్రకటించింది. అదే దేశం, అదే కాలంలో, పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలోంచి ఆ పాఠం లాగేసుకుంది. భారమని తీసేశారట. తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లకు అది భారంగా అనిపించలేదు.

పాఠం ఉన్న రోజుల్లో, అది చెప్పిన బడుల్లో మాత్రం ఏం జరిగింది? చివర్లో ఉండేది కాబట్టి ఫిబ్రవరిలో రెండు పీరియడ్లలో చదివించి వదిలేసేవాళ్లు. ‘సౌర కుక్కర్ ప్రయోజనాలు, పరిమితులు రాయుము’ అని ఒక ప్రశ్న. నాలుగు ప్రయోజనాలు, మూడు పరిమితులు, బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. కుక్కర్ ముట్టుకోనవసరం లేదు. ఓమ్ నియమం ప్రయోగం కూడా అంతే. మన పబ్లిక్ పరీక్షలో ప్రయోగం గురించి ప్రశ్న వస్తుంది, ప్రయోగం చేయని పిల్లవాడు దానికి పూర్తి మార్కులు తెచ్చుకోగలడు. చేసిన పిల్లవాడికి చేసినందుకు ఒక్క మార్కు రాదు. ఇంటర్నల్ మార్కులుండే రోజుల్లో ప్రాజెక్టు పనికి కాస్త చోటుండేది. ఊరికే మార్కులు వేసేస్తున్నారని 2019లో వాటిని ఎత్తేశారు. వేసేస్తున్న మాట నిజమే. దానికి మందు ప్రయోగాన్ని సరిగ్గా చూసి మార్కు వేయడం. ఆ కష్టం ఎవరు పడతారని, అసలు ప్రయోగానికే విలువ లేకుండా చేశారు.

ఒకసారి మేం ఎండలో ఉన్నప్పుడే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. ‘మాస్టారూ, ఇవన్నీ సైన్స్ ఫెయిర్‌కు పెట్టుకోండి. ముందు ఆ సీ, డీ గ్రేడు పిల్లల్ని పాస్ చేయించే సంగతి చూడండి’ అన్నారు. ప్యానెల్ లోపల పెట్టించి, స్లిప్ టెస్టు పెట్టమన్నారు. పెట్టాను. ఆ మాట ఇప్పటికీ నాలో ముల్లులా ఉంది. ఎందుకంటే కుండ చల్లబడ్డట్టు పలక చల్లబడిందని చెప్పిన పిల్లాడు ఆయన జాబితాలో డీ గ్రేడే. పుస్తకం భాషలో ‘బాష్పీభవనం’ అని రాయలేడు కాబట్టి డీ. తడిగుడ్డకు, వోల్టేజీకి ఉన్న సంబంధాన్ని క్లాసులో అందరికంటే ముందు పట్టుకున్నవాడు డీ.

సైన్స్ ఫెయిర్ అన్నారు కదా, దాని గురించి ఒక్క మాట. ఇన్‌స్పైర్ పథకంలో ఎంపికైన పిల్లవాడికి 10 వేల రూపాయలు ఇస్తారు, మంచి పథకమే, నేనూ పిల్లల్ని పంపాను. కానీ అది బడికి ఒకరిద్దరికి. మిగతా పిల్లలు చార్టు పట్టుకుని నిలబడి చప్పట్లు కొట్టాలి. నేనడిగేది ప్రతి పిల్లవాడి చేతికీ ఒకసారి మల్టీమీటరు రావాలని.

‘ఇదంతా ఐటీఐ వాళ్ల పని, సోలార్ పలకలు బిగించడం నేర్పడానికి సూర్యమిత్ర శిక్షణ ఉంది కదా’ అని తోటి ఉపాధ్యాయులే అన్నారు. ఉంది, 2015 నుంచి ఉంది, ఉండాలి. బోల్టు బిగించడం వేరు, బిగించిన దానిలో ఏం జరుగుతోందో తెలియడం వేరు. వెలుతురు తగిలితే పదార్థంలోంచి విద్యుత్తు పుట్టడం 1839లో బెకెరెల్ కంటపడింది. వెలుతురు తగిలి లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఎందుకు ఎగిరి పడతాయో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఆయనకు నోబెల్ వచ్చింది అందరూ అనుకునే సాపేక్షతకు కాదు, ఈ కాంతి విద్యుత్ నియమానికే. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్లు తయారుచేసిన సిలికాన్ ఘటం మీద పడిన ఎండలో నూటికి 6 వంతులే కరెంటయింది. ఇప్పుడు కర్నూలు అంగడిలో దొరికే పెద్ద పలకలు 20 దాటిస్తున్నాయి. ఈ కథలో ఏ ముక్క ఫిజిక్స్ కాదు?

మన దేశం కథ కూడా ఉంది, అది మరీ మరుగున పడింది. 1918లో తిరువాన్కూరులో పుట్టిన అన్నా మణి బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు. తర్వాత వాతావరణ శాఖలో చేరి, పరికరాలను విదేశాల నుంచి తెప్పించుకునే అవస్థ పోవాలని ఇక్కడే తయారు చేయించారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం నాటికి దేశంలో ఎండను కొలిచే కేంద్రాలను నెలకొల్పారు. ఏ ఊళ్లో ఏ నెలలో ఎంత ఎండ పడుతుందో లెక్కలతో 1980లో పుస్తకం తెచ్చారు. ఇవాళ ఎక్కడ పార్కు పెట్టాలన్నా మొదట వేయాల్సిన లెక్క అది. ఎండను కొలవడమే జీవితంగా పెట్టుకున్న ఆ మనిషి పేరు మా పదో తరగతి ఆడపిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఆమె కొలిచింది వాళ్ల నెత్తిన పడే ఎండనే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ పార్కులో మా ఊళ్ల వాళ్లకు దొరికిన పనులు పలకలు కడగడం, గడ్డి కోయడం, రాత్రి కాపలా. కంట్రోల్ రూములో కూర్చునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, చదువుకుని వచ్చారు. మా ఎకరాలు ఇచ్చాం, మా ఎండ ఇచ్చాం. మా పిల్లలకు ఆ చదువు ఎందుకు ఇవ్వలేకపోయాం? ఒక తండ్రి బురుసుతో దుమ్ము కడుగుతున్నాడు. దుమ్ము పొర ఎంత మందం ఉంటే ఎన్ని వాట్లు పోతాయో ఆయన కొడుకు మల్టీమీటరుతో కొలవగలడు, మా బడిలో కొలిచాడు కూడా. ఆ కొలతకు ఈ వ్యవస్థలో చోటు లేదు. ఇది మా ఒక్క ఊరి గోడు కాదు. రామగుండంలో 2022 నుంచి చెరువు నీటి మీద 100 మెగావాట్ల పలకలు తేలుతున్నాయి. నీటి మీద ఉంటే పలక ఎందుకు చల్లగా ఉంటుందో, చల్లగా ఉంటే ఏం లాభమో గోదావరిఖని పిల్లలు తడిగుడ్డతో తేల్చగలరు. సోలార్ పార్కులున్న శ్రీసత్యసాయి జిల్లా ఎన్‌పీ కుంట పిల్లలు, కడప మైలవరం పిల్లలు తేల్చగలరు. మా బడి మేడ మీద కూడా పలకలున్నాయి. మేడ మెట్లకు తాళం ఉంది. పిల్లలు పైకి పోతే పాడుచేస్తారని.

నేను కోట్లు అడగడం లేదు. ప్రతి హైస్కూలుకూ పది చిన్న ప్యానెళ్లు, పది మల్టీమీటర్లు ఇవ్వండి. వాటిని బీరువాలో పెట్టి స్టాకు రిజిస్టరు నింపమనకండి, పగిలితే ఉపాధ్యాయుడి జీతంలో కోత వేయకండి. పగలనివ్వండి, పిల్లలు ముట్టుకున్న వస్తువే పగులుతుంది. వేసవి శిక్షణలో మాకు రెండు రోజులు ఎండలో పాఠం చెప్పండి. మాలో చాలామందికి ఇది తెలియదు, అడగడానికి మొహమాటం. తీసేసిన పాఠాన్ని తిరిగి పెట్టండి. 50 మార్కుల ఫిజికల్ సైన్స్ పేపర్లో 10 మార్కులు చేతితో చేసిన ప్రయోగానికి, వేరే బడి నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు ఎదురుగా నిలబడి చూసి వేసేలా కేటాయించండి.

పుస్తకాలు రాసే పెద్దలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలు ఒక్కసారి మా బడికి రండి. సభ పెట్టం, శాలువాలు కప్పం. పన్నెండు గంటలకు రండి, ఎండ అప్పుడు నిటారుగా ఉంటుంది. ప్యానెల్, తడిగుడ్డ పిల్లల దగ్గర సిద్ధంగా ఉంటాయి. వోల్టేజీ ఎందుకు పెరిగిందో ఆ డీ గ్రేడు పిల్లవాణ్ని అడగండి.